ఎర్రవంక డ్యాంలో పద్దెనిమిది అడుగుల భాగ్యం

అయ్యలారా, అమ్మలారా! డ్యాంలో నీళ్ళుండటమంత అనాగరికం ఇంకొకటి లేదని మనవి చేస్తున్నాను. డ్యాంలో ఉండవలసింది మట్టి.

నీళ్ళను నమ్మవచ్చునా? ఎండకు ఆవిరవుతాయి, తూము తెరిస్తే పారిపోతాయి. మట్టి అలా కాదు. ఒకసారి వచ్చి కూర్చుంటే, రిటైరయ్యేదాకా కుర్చీ వదలని హెడ్ గుమాస్తాలాగా కదలదు.

మా ఎర్రవంక డ్యాం కట్టి పదహారేళ్ళయింది. అనంతపురం జిల్లాలో వానలు మొహం చాటేసినా, పడిన నాలుగు వానలకే గుట్టల మీది మట్టంతా కొట్టుకొచ్చి ఇందులో చేరింది. డ్యాం గోడ మీద తెల్లరంగుతో అడుగుల స్కేలు గీశారు. ఈ ఎనభైమూడులో ఆ స్కేలు మీద పద్దెనిమిది అడుగుల దాకా మట్టే.

లాభాలు చూడండి! ఈతరాని వాడికి భయం లేదు. ఎండాకాలంలో జనం శింగనమల బస్సు అందుకోవడానికి డ్యాం మధ్యలోంచే అడ్డం పడి నడిచిపోతారు. పోయినసారి వాలీబాల్ పోటీలు కూడా పెట్టారు.

ఆఫీసువారికీ హాయే. ఓవర్సీరుగారు గట్టు మీద నిలబడి స్కేలు చూస్తారు. నీటిమట్టం ఇరవై గీత దగ్గరుంటే పుస్తకంలో ఇరవై అడుగుల నీళ్ళని రాస్తారు. అడుగున ఏముందో దిగి చూడటం ఆయన డ్యూటీ కాదు. ఆ ఇరవై అడుగుల ధైర్యంతోనే, కాలువ చివరి ఊళ్ళవాళ్ళు కూడా వరి నాటుకోవచ్చని భాద్రపదంలో దండోరా వేయించారు.

చివరి ఊరి గోవిందప్ప, సర్కారు దండోరా కదా అని నమ్మి రెండెకరాలు నాటాడు. పైరు పొట్టకొచ్చే వేళకు పైనున్న రెండడుగుల నీళ్ళూ అయిపోయి, తూములోంచి బురద వచ్చింది. గోవిందప్ప ఆఫీసుకు పోయాడు.

"ఒక్క తడి ఇస్తే గింజ పడతాది సార్."

ఓవర్సీరుగారు పుస్తకం తిప్పి చూపించారు. "ఇంకా పద్దెనిమిది అడుగులున్నాయి కదయ్యా. కాలువకు ఎక్కడో గండి పడి ఉంటుంది."

"అది మట్టి సార్. ఎండాకాలంలో నేనే ఆడికి బండి తోలినా."

ఆ సంగతీ చెప్పాలి. చెరువు ఎండగానే బండ్లు కట్టి, అందులోని ఒండ్రును చేలకు తోలుకోవడం మా పెద్దల పాడు అలవాటు. చెరువుకు లోతు, చేనుకు సత్తువ. ఆ అలవాటు కొద్దీ గోవిందప్ప డ్యాంలోకి బండి దించాడు. కాపలా ఉన్న లస్కరు పట్టుకున్నాడు. డ్యాంలో మట్టి సర్కారు ఆస్తి కదా! మూడు రోజులు ఎద్దులను ఆఫీసు ముందు కట్టేశారు. ఇక ఆ మట్టి ముట్టనని కాగితం మీద వేలిముద్ర వేయించుకొని వదిలారు.

ఎండాకాలంలో మట్టి, కార్తీకంలో నీళ్ళు. సైన్సు ఎంత పెరిగిందో చూడండి!

ఆఫీసులో గోవిందప్ప ఆ పుస్తకం మీద వేలు పెట్టాడు. "సరే సార్, నీళ్ళే అనుకుందాం. ఆ పుస్తకంలో ఉండేటివే ఒక తడి ఇడ్సండి."

ఆ తడి రాలేదు. మొన్న అతని భార్య హనుమంతమ్మ ఎండిన పైరు కోసి ఎద్దులకు వేస్తోంది. నన్ను చూసి, "ఇవన్నా తిననీలేన్నా" అంది. నేనెందుకు అక్కడున్నానంటారా? పక్కన ఎండిన ఎకరన్నర నాది.

కనుక ఆఫీసువారికి ముందే సవినయంగా తెలియజేస్తున్నాను. వచ్చే ఉగాది మర్నాడు పొద్దున్నే, కాలువ చివరి నాలుగూళ్ళ బండ్లూ డ్యాంలోకి దిగుతాయి. ముందు బండి గోవిందప్పది, రెండోది నాది. అందరినీ పట్టుకోండి, మాకేమీ అభ్యంతరం లేదు. మేము తోలుకుపోయింది మట్టి అని కేసు రాయాలో, నీళ్ళు అని రాయాలో మాత్రం మీ పుస్తకం చూసి నిర్ణయించుకోండి.