పన్నెండో లోపం

ఆ శుక్రవారం పొద్దున ఒరొజ్‌బెక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, హెలికాప్టర్‌ని ఇంకొక్కసారి కొండ మీద దింపి చూడాలి, లోపాల జాబితా మీద సంతకం పెట్టాలి, మధ్యాహ్నంలోపు గొర్రెల దొడ్డి తలుపు బాగుచెయ్యాలి. ఆఖరిది ఆయన భార్య కల్బూబూ పథకం. మిగతావి ఆయనవి.

హెలికాప్టర్ ఉన్నది వరండా మూలనున్న కంప్యూటర్‌లో. ఒరొజ్‌బెక్ ముప్పై ఒక్క ఏళ్ళు ఎంఐ-8 హెలికాప్టర్లలో ఫ్లైట్ మెకానిక్‌గా పనిచేశాడు. ఇద్దరు పైలట్ల మధ్య మడత సీటు మీద కూర్చుని టియాన్‌షాన్ కొండలన్నీ చూసినవాడు. రిటైరయ్యాక ఆయన ఇంట్లో కుదురుగా ఉండలేకపోతుంటే, కొడుకు ఈ కంప్యూటర్ తెచ్చి అందులో ఫ్లైట్ సిమ్యులేటర్ వేసిపెట్టాడు. ఆ ఆటతో వచ్చేవి ఎక్కువగా విమానాలే. మంచి హెలికాప్టర్ కావాలంటే బయటివాళ్ళు తయారుచేసినది విడిగా తెచ్చి తగిలించుకోవాలి. అలాంటివి వందలున్నాయి. వాటిలో ఏది హెలికాప్టరో, ఏది హెలికాప్టర్ వేషం వేసుకున్న బొమ్మో తేల్చి చెప్పడం ఒరొజ్‌బెక్ పని అయిపోయింది. ఎవరూ అప్పగించలేదు. ఆయనే తీసుకున్నాడు.

ఆరేళ్ళలో ఇరవై ఒకటి పరీక్షించాడు. రెంటిని మాత్రం, అదీ మొదటి ఏడాదిలో, పాస్ చేశాడు, అందులో ఒకటి అయిష్టంగా. ఊరూ పేరూ తెలియని దేశాలవాళ్ళు కూడా ఆయన జాబితా చూశాకే కొనేవారు. "మంచి యంత్రం అంటే బాగా ఎగిరేది కాదు, బాగా సణిగేది. ఎక్కడ నొప్పో అదే చెబుతుంది. ఈ బొమ్మలకు నొప్పులే లేవు" అనేవాడు.

ఇప్పుడు ఆయన ముందున్నది రాజధాని బిష్కెక్‌లో బెగిమాయ్ అనే అమ్మాయి రెండేళ్ళు కష్టపడి చేసిన ఎంఐ-8. సాయంత్రం అమ్మకానికి పెట్టబోతోంది. "మొహమాటపడకండి" అని రాసింది. ఒరొజ్‌బెక్‌కు ఆ జబ్బు ఎప్పుడూ లేదు. పన్నెండు లోపాలు పట్టాడు. మొదటి పదకొండూ చిల్లరవి. పన్నెండోది మాత్రం ఆయన గుండెకు తగిలింది. ఎంఐ-8 మొదలుపెట్టగానే తల వెనక గేర్‌బాక్స్ సన్నగా కూస్తుంది. ఆ కూతలో తేడా విని గండాలు తప్పించుకున్న రోజులున్నాయి. బెగిమాయ్ చేసిన దానిలో ఆ కూత లేదు. పదికి నాలుగు మార్కులు వేశాడు.

జాబితా రాయడం ఆయనకు ఒక్క తీరుగానే వచ్చు, ఉద్యోగంలో రాసిన తీరు. పైన 'లోపాల జాబితా, హెలికాప్టర్ ఎంఐ-8' అని, కింద 'పరీక్షించినవారు: మొదటి తరగతి ఫ్లైట్ మెకానిక్ ఒరొజ్‌బెక్ జుమాకాదిరోవ్' అని. ఇది ఆట అని ఎక్కడా రాయలేదు. లోపం ఎక్కడున్నా లోపమే కదా అని ఆయన నమ్మకం.

సంతకం లేని కాగితం కూడా ఆయన దృష్టిలో లోపమే. అందుకని జాబితాను పెన్‌డ్రైవ్‌లో వేసి కోడలి చేతికిచ్చాడు. కోడలు జానిల్ జిల్లా కార్యాలయంలో గుమాస్తా.

"దీన్ని ప్రింటు తీసుకురామ్మా. మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు తెస్తే చాలు."

"అలాగే మామయ్యా," అని జానిల్ వెళ్ళింది. ఆఫీసులో మీట నొక్కి ప్రింటర్ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ కాగితం లేదు. ఈ మిషన్ మళ్ళీ మొరాయించిందనుకుని ఇంకోసారి నొక్కింది. వచ్చినదాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. మొదటి కాగితం అప్పటికే ఆకిమ్ గదిలో ఉంది.

ఆకిమ్ అంటే ఆ జిల్లాకు పెద్ద. ఆయన ఆ రోజు పదకొండు గంటలకు హెలికాప్టర్ ఎక్కాలి. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోవడంతో, పై పచ్చికబయళ్ళలో మందలతో దిగిన నలభై కుటుంబాలకు డాక్టరమ్మ టీకాల పెట్టెలతో వెళ్తోంది. ఆకిమ్ కూడా వెళ్ళి వాళ్ళను పలకరించి రావాలని పైనుంచి మాట వచ్చింది. ఆకిమ్‌కు హెలికాప్టర్ అంటే హడల్. మూడేళ్ళుగా జలుబనీ, నడుమునొప్పనీ, అత్తగారి సంవత్సరీకమనీ తప్పించుకుంటూ వస్తున్నాడు. ఈసారి ఏమీ తోచక కిటికీలోంచి దిగులుగా ఆకాశం చూస్తుంటే, కార్యదర్శి దమీరా ప్రింటర్ దగ్గర దొరికిన కాగితాన్ని ఎర్ర ఫైలులో పెట్టి తెచ్చింది.

"హెలికాప్టర్ గురించి సార్. ఇప్పుడే వచ్చింది. భయంకరంగా ఉంది."

ఆకిమ్ చదివాడు. "హెలికాప్టర్‌కు నీడ పడటం లేదు. ఇదేమిటి?"

"ఏదో సాంకేతిక పదమై ఉంటుంది సార్."

"దిగినప్పుడు చక్రాలు జానెడు లోతు నేలలోకి పోతున్నాయి. ఇంధనం అయిపోయిన తరవాత కూడా ఎగురుతోంది. కొండను గుద్దితే కొండలోంచి అవతలికి వస్తోంది, ప్రయాణికులు ఏమీ అనడం లేదు..." ఆకిమ్ కాగితం కిందికి దించాడు. "ఏమంటారు పాపం! పైలట్‌కు ఎడమచెయ్యి లేదు. దమీరా, మన పైలట్ కుబాత్‌కు ఎడమచెయ్యి లేదా?"

"మొన్న పండక్కి చూసినప్పుడు ఉంది సార్. అయినా మనం కుడిచెయ్యే కదా కలుపుతాం. సరిగ్గా గమనించలేదు."

"సంతకం లేదే దీని మీద."

"ఆ పేరు చాలదా సార్? పెద్దాయన, ఒరొజ్‌బెక్ అక్సకాల్ వద్దన్న హెలికాప్టర్ ఈ జిల్లాలో ఎప్పుడైనా లేచిందా?"

ఆకిమ్ ముఖంలో మూడేళ్ళుగా లేని కళ వచ్చింది. "నా ప్రాణం గురించి కాదు. డాక్టరమ్మ ప్రాణం. హెలికాప్టర్‌ని ఆపండి. కమిటీ వెయ్యండి. ఒరొజ్‌బెక్ అక్సకాల్‌కు ఫోన్ చెయ్యండి."

ఏడుసార్లు చేశారు. ఒరొజ్‌బెక్ ఫోన్ ఎత్తలేదు. పోలీసు జీపు పంపారు.

ఈలోగా మైదానంలో హెలికాప్టర్ చుట్టూ తాడు కట్టారు. పైలట్ కుబాత్ దగ్గరికి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి, కాస్త ఇబ్బందిగా, "కమాండర్, మీ చేతులు చూపిస్తారా?" అన్నారు.

"ఎందుకు?"

"లెక్కపెట్టడానికి."

కుబాత్ చూపించాడు. వాళ్ళు పుస్తకంలో 'రెండు' అని రాసుకుని, కింద అతని చేతే సంతకం పెట్టించారు. ఏ చేత్తో పెట్టాడో కూడా రాసుకున్నారు.

చిన్న ఊరు. కబురు బజారుకు చేరేసరికి కుబాత్ చెయ్యి పోయింది. రొట్టెల దుకాణాల వరస దాటేసరికి హెలికాప్టర్ కొండలో దూరింది. కుబాత్ తల్లి గుర్రపు పాలు అమ్ముకునే చోటే కుండ వదిలేసి, గుండెలు బాదుకుంటూ మైదానానికి పరుగెత్తుకొచ్చింది. కొడుకు ఎదురెళ్ళి రెండు చేతులా పట్టుకుంటే, ముందు ఆ చేతులు తడిమి చూసుకుంది, తరవాత చెంప మీద ఒక్కటిచ్చింది.

"ఫోన్ చేసి చెప్పొద్దట్రా, చెయ్యి ఉందని!"

"ఉన్న చెయ్యి ఉందని ఎవరు ఫోన్ చేస్తారమ్మా?"

డాక్టరమ్మ మాత్రం టీకాల పెట్టెల పక్కన గడియారం చూసుకుంటూ నిలబడింది. పెట్టెల్లో మంచు సాయంత్రం దాకా ఆగదు. పైన పిల్లలు ఎదురుచూస్తున్నారు.

జీపు వచ్చేసరికి ఒరొజ్‌బెక్ దొడ్డి తలుపుకు మేకులు కొడుతున్నాడు. "మీ జాబితా గురించి ఆకిమ్ గారు రమ్మంటున్నారు" అనగానే సుత్తి కింద పెట్టి మంచి టోపీ పెట్టుకున్నాడు. ఆరేళ్ళకు ఈ ఊళ్ళో ఒకడికి తన పని విలువ తెలిసిందనుకున్నాడు.

ఆకిమ్ గదిలో కమిటీ కూర్చుని ఉంది.

"రండి అక్సకాల్. ఇవన్నీ మీరు స్వయంగా చూశారా?"

"స్వయంగా. నిన్న ఒక్కరోజే పదకొండుసార్లు కూలిపోయాను."

ఆకిమ్ ముందుకు వంగాడు. "పదకొండుసార్లా?"

"అందులో రెండుసార్లు కావాలనే. కూలినప్పుడు ఎలా ఉంటుందో కూడా చూడాలి కదా."

"పైలట్ చెయ్యి..."

"భుజం దాకా ఉంది. అక్కడినుంచి లేదు. ఆ అమ్మాయి మరిచిపోయి ఉంటుంది, పెట్టమని రాశాను."

"ఏ అమ్మాయి?" అని ఆకిమ్ అంటుండగా జానిల్ పరుగున లోపలికి వచ్చింది. బజారు కబురు ఆమె చెవినీ పడింది.

"సార్, అది మన హెలికాప్టర్ కాదు! మా మామగారి కంప్యూటర్‌లోది, ఆటలోది. ప్రింటర్ దగ్గర నేనే వదిలేశాను. తప్పు నాదే."

కమిటీ సభ్యులు ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. ఒరొజ్‌బెక్‌కు ఇప్పుడు అర్థమైంది. ఆయన పాలిపోయిన కోడలి ముఖం చూశాడు. "తప్పు అమ్మాయిది కాదు. ఆట అని రాయనివాణ్ణి నేను" అన్నాడు.

కానీ ఆకిమ్ దొరికిన కొమ్మను వదల్లేదు. "ఆటైతే కానివ్వండి. పదకొండు సంగతులు సరే. ఈ పన్నెండోది చూడండి, గేర్‌బాక్స్ కూత లేదు, ఇది అన్నిటికన్నా ప్రమాదం అని రాశారు. మన హెలికాప్టర్‌లో ఉందని ఎవరు చూశారు? ఎగిరేముందు అన్నీ ఒక్కొక్కటే సరిచూడాలి. అక్సకాలే చూడాలి."

అందరూ మైదానానికి నడిచారు. నీడ ఉంది. అందులో ఒక కుక్క పడుకుని ఉంది. చక్రాలు నేల మీదే ఉన్నాయి. పైలట్‌కు రెండు చేతులూ ఉన్నాయని రెండోసారి రాసుకున్నారు. ఇక పన్నెండోది. కుబాత్ లోపలికెక్కి ఇంజన్లు మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఒరొజ్‌బెక్ దగ్గర పని నేర్చుకున్నవాడతను.

రెక్కలు తిరిగాయి. దుమ్ము లేచింది. ఒరొజ్‌బెక్ తలుపు పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాడు. రెక్కల దెబ్బలు ఛాతీకి తగులుతున్నాయి. ఇంజన్ల గర్జన వినిపిస్తోంది. ఆయన కూత కోసం ఆగాడు. ఇంకా ఆగాడు.

కుబాత్ వంగి, పెద్దన్నను పిలిచినట్టు, "సరిపోయిందా బైకే?" అని అరిచాడు.

"ఇంకా రాలేదు కదరా!"

"ఏది?"

"కూత!"

కుబాత్ ఆయన వంక వింతగా చూశాడు. "బైకే, చెవులు చిల్లులు పడుతున్నాయి!"

ఒరొజ్‌బెక్ వెనక్కి తిరిగాడు. ఆకిమ్ రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు. డాక్టరమ్మ, దమీరా, కమిటీ మొత్తం చెవులు మూసుకుని ఉన్నారు. జానిల్ పళ్ళు బిగబట్టింది. నీడలో పడుకున్న కుక్క ఎప్పుడో పారిపోయింది. అంతమంది వింటున్నదాన్ని ఆయన ఒక్కడు వినడం లేదు.

ఆయన చెయ్యి చెవి మీదికి వెళ్ళింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కూత తల వెనక కూర్చుని కూసింది. వెళ్తూ వెళ్తూ తనను వినే శక్తిని కూడా తీసుకుపోయిందన్నమాట. తరవాత చెయ్యెత్తి, "కూత ఉంది" అని అరిచాడు. జీవితంలో మొదటిసారి తను పరీక్షించనిదాన్ని పాస్ చేశాడు.

ఇక ఆకిమ్‌కు సాకులేవీ మిగల్లేదు. ఊరంతా చూస్తోంది. డాక్టరమ్మ పైనుంచి చెయ్యి అందించింది. ఒరొజ్‌బెక్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "తలుపు వైపు కాకుండా కూర్చోండి. లోపల నేలకు కొట్టిన మేకులు లెక్కపెట్టండి. నా మొదటి ఏడాది నేను చేసింది అదే" అన్నాడు. ఆకిమ్ దండం పెట్టినట్టుగా ఒరొజ్‌బెక్ చేతులు పట్టుకుని, వదిలి ఎక్కాడు. హెలికాప్టర్ లేచి కొండ పక్కనుంచి, లోంచి కాకుండా, వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఒరొజ్‌బెక్ బెగిమాయ్‌కు ఫోన్ చేశాడు. ఆమె మాటలు అందక, దగ్గరున్న జానిల్‌ను ఫోన్ గట్టిగా వినిపించేలా పెట్టమన్నాడు.

"అమ్మాయ్, గేర్‌బాక్స్ కూత ఎక్కడినుంచి తెచ్చావు?"

అవతల భయం భయంగా జవాబు వచ్చింది. "నిజం దాన్నుంచేనండి. మీ ఊరే వచ్చాను పోయినేడు. కుబాత్ గారి వెనక కూర్చుని మూడు రోజులు రికార్డు చేశాను. దానికే ఆరు నెలలు పట్టింది. బాలేదా?"

"బాగుంది."

"మీకు నచ్చిందా?"

ఒరొజ్‌బెక్ కాగితం మీద పన్నెండో వరస కొట్టేసి, నాలుగును ఎనిమిది చేశాడు. "విన్నవాళ్ళందరూ చెవులు మూసుకున్నారు. అంతకన్నా ఏం కావాలి? మిగతా పదకొండూ మాత్రం సరిచెయ్యి" అన్నాడు. అవతల ఆ అమ్మాయి నవ్విందో ఏడ్చిందో జానిల్ చెప్పలేదు.

తరవాత పాత జాబితాలన్నీ బయటికి తీశాడు. ఫెయిల్ చేసిన పంతొమ్మిదింటిలోనూ, ఆఖరి వరసలో, 'కూత లేదు'. ఏది నిజంగా మూగదో, ఏది తనకు మూగదో ఇప్పుడెలా తేలుతుంది? పంతొమ్మిదీ మళ్ళీ వినాలి, పక్కన జానిల్‌ను కూర్చోబెట్టుకుని. తయారుచేసిన పంతొమ్మిదిమందికీ ఉత్తరాలు రాయాలి. మొదటిది రాయడం మొదలుపెట్టి, 'పరీక్షించినవారి చెవిలో లోపం' అన్నచోట కలం ఆపేశాడు.

కల్బూబూ రొట్టె, మీగడ తెచ్చి పక్కన పెట్టి కూర్చుంది. కాగితం చూసింది.

"ఇవాళ తెలిసిందా?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"అయిదేళ్ళయింది. సన్నగా మాట్లాడితే మీరు పలకడం లేదు. అందుకే గొంతు లావు చేసుకుని మాట్లాడటం అలవాటు చేసుకున్నాను."

ఒరొజ్‌బెక్ ఆమె వంక చూశాడు. వయసు మీద పడి భార్య గొంతు బొంగురుపోయిందని ఆయన ఇన్నాళ్ళూ జాలిపడుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఆ హెలికాప్టర్లు మానేస్తారు. పొద్దస్తమానం వంటింట్లో నా లోపాలు రాస్తారు."

ఆయన నవ్వాడు. రొట్టె తుంచి మీగడలో అద్దాడు. నెమ్మదిగా, దిగులుగా అడిగాడు: "మరి ఆ సన్నగొంతుతో నువ్వన్నవి, నాకు వినపడకుండా పోయినవి... చాలా ఉన్నాయా?"

"ఉన్నాయి. ఎక్కువ తిట్లే, మీకు పెద్ద నష్టమేం లేదు."