తొలి జల్లు, పెద్ద అక్షరాలు

వాతావరణాన్ని మార్చగల శక్తులు ఈ లోకంలో రెండే ఉన్నాయి. ఒకటి పొగ, రెండోది పతాక శీర్షిక. పొగకు వందేళ్ళు పడుతుంది. శీర్షిక ఆ పనిని పొద్దుటి టీ చల్లారేలోగా ముగిస్తుంది.

ఈ రెండో శక్తి గురించి మాట్లాడే అర్హత నాకు కొంత ఉంది. నైరోబీలో వెలువడే 'తరుంబెటా' దినపత్రికలో (తరుంబెటా అంటే బాకా, ఆ పేరు పెట్టినవారి నిజాయితీని మాత్రం శంకించలేం) వారం వారం ఒక మూల రాసుకుంటాను. పైన ఎరువుల ప్రకటన, కింద రాశిఫలాలు, నడుమ నేను. నా బల్లకు ఎదురుగా శీర్షికల విభాగం. కాబట్టి డాక్టర్ నెలిమా గారికి జరిగిందంతా దాదాపు నా కళ్ళ ముందే జరిగింది.

నెలిమా గారు వానల మనిషి. కిటాలే వైపు మొక్కజొన్న పండించే ఊళ్ళో పుట్టి, విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం చెబుతూ, పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకల్లా వర్షపాతం లెక్కలు వివరించి పంపేసే మనిషి. ఏళ్ళ తరబడి ఆమె ఒక్కటే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు: భూమి వేడెక్కుతున్న కొద్దీ మన మార్చి వానలు ఏమవుతాయి? చివరికి తేలింది ఇది. రానున్న దశాబ్దాల్లో తొలి జల్లులు కొన్ని ఏడాదుల్లో ముందే పడవచ్చు. కానీ ఆ జల్లుల తర్వాత ఎండ కాసే రోజులు ఇదివరకటికన్నా పెరగవచ్చు. అందువల్ల తొలి జల్లు చూసి విత్తితే మొలక మాడిపోయే ప్రమాదం ఎక్కువవుతోంది, ఆగడం మేలు.

అంతే. ఏ రైతుకైనా అరచేతిలో ఇమిడే మాట. అయితే ఆ అరచేతికీ పరిశోధనకూ మధ్య మేమున్నాం.

ముందుగా ఆ మాట విశ్వవిద్యాలయ ప్రచార అధికారి చేతిలో పడింది. ఆయన దాన్ని రెండు పుటల ప్రకటనగా మలిచారు. మొదటి పుటలో ఉపకులపతి గారి హర్షం, తొలి జల్లులు. రెండో పుటలో ఎండ, ఆగడం. రెండో పుట ఎవరూ చదవరన్న అనుభవం మీద ఆయన రెండో పుట పంపడం మానేసి చాలాకాలమైంది.

మా విలేకరి చెలగాట్ (పేరులో చెలగాటం వినిపించినా పిల్ల పనిమంతురాలు) ఆ ప్రకటన చాలదని నెలిమా గారికి ఫోన్ చేసి, మధ్యాహ్నమంతా మాట్లాడి, మొత్తం విషయాన్ని పొల్లుపోకుండా రాసింది. ఆ వార్త శీర్షికల విభాగాధిపతి కిరిమి గారి బల్ల చేరింది.

కిరిమి గారి గురించి రెండు మాటలు చెప్పాలి. శీర్షిక పెట్టేవాడు వార్త చదవకూడదన్నది ఆయన సిద్ధాంతం. చదివితే పక్షపాతం వస్తుందట. మొదటి వాక్యం మీద చూపు ఆనించి, చేతికి అందిన చోట తెంపుకుంటారు. ఆయన అమలుచేసే నియమావళిలో 'ఖాయపరచడం' అనే ప్రక్రియ ఉంది. దాని ప్రకారం శాస్త్రవేత్త 'పడవచ్చు' అంటే 'పడుతుంది' అని, 'పడుతుంది' అంటే 'పడింది' అని అచ్చు వేయాలి. 'పడింది' అని శాస్త్రవేత్తే అంటే అది పాత వార్త కనుక వేయనక్కరలేదు.

"సార్, అసలు సంగతి 'కానీ' తర్వాత ఉంది," అంది చెలగాట్.

"'కానీ'కి మొదటి పేజీలో చోటు లేదమ్మా. మా గురువుగారి కాలం నుంచీ లేదు."

"పోనీ 'ముందే పడవచ్చు' అనైనా వేయండి."

"నీ పెళ్ళి శుభలేఖలో 'పెళ్ళి జరగవచ్చు' అని వేయిస్తావా? వేయించవుగా. మరి పాఠకుడేం పాపం చేశాడు?"

తెల్లారేసరికి మొదటి పుటలో అరచేయంత అక్షరాలతో వెలిసింది: 'ఈసారి వానలు ముందే! విత్తనాలు వేయండి: మహిళా శాస్త్రవేత్త పిలుపు.' (ఇందులో నిజమైన మాట 'మహిళా శాస్త్రవేత్త' ఒక్కటే. అది కూడా ఆవిడ అనలేదు.) పక్కన గొడుగు పట్టుకుని పకపకా నవ్వుతున్న ఒక అమ్మాయి ఫొటో. ఆమె ఎవరో, ఏ దేశమో, ఎందుకంత నవ్వుతోందో మా ఆఫీసులో ఈనాటికీ తెలియదు. చెలగాట్ రాసిన పూర్తి వార్త పదిహేడో పుటలో, మరణవార్తల పక్కన భద్రంగా ఉంది. ఫోన్లకు పంపే కబురులో చోటు ఇంకా తక్కువ కనుక అక్కడ 'వానలు వచ్చేశాయి!' అని సరిపెట్టారు. ఆదివారానికల్లా ఒక పాస్టరు గారు దాన్ని దేవుని వాగ్దానంగా ప్రకటించారు కూడా.

పేపరు చూడగానే నెలిమా గారు బస్సెక్కి తిన్నగా మా ఆఫీసుకు వచ్చారు. సవరణల విభాగం తలుపు ఇంకా తెరవలేదని నా పక్క బెంచీ మీద కూర్చోబెట్టారు. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అవతల ఆమె మేనమామ ఖయెంబా గారు. ఆయన గొంతు నా దాకా రావడానికి ఏ సాధనమూ అవసరం లేకపోయింది.

"ఏమే నెలిమా! పేపర్లో పడ్డావుగా! ఊరంతా నీ మాటే అనుకో!"

"మామా, ఏం చేస్తున్నావిప్పుడు?"

"ఏం చేస్తాను, విత్తుతున్నాను. మొన్న జల్లు పడింది. నువ్వు చెప్పాక ఇంకా చేతులు కట్టుకు కూర్చుంటానా?"

"నేను విత్తమనలేదు మామా, ఆగమన్నాను! ఇది ఉత్త జల్లు. ఆపు. ఆ విత్తనం సంచి మూతి కట్టెయ్."

"పేపర్లో అలా లేదే."

"పేపర్లో తప్పు పడింది. అన్నది నేనైతే, నేనేమన్నానో నాకు తెలీదా?"

ఆయన గొంతు తగ్గించారు. ఆ తర్వాత చాలా లాలనగా వినిపించింది: "చూడమ్మా, నువ్వు మా ఇంటి పిల్లవి. నీకు చిన్నప్పట్నుంచీ భయం ఎక్కువ. పేపర్లో ఉన్న ఆవిడ మటుకు ఎంత ధైర్యంగా చెప్పిందో చూడు."

ఆయన ఫోన్ పెట్టేశారు. నెలిమా గారు తన ఫోన్ను ఒళ్ళో పెట్టుకున్నారు. నేను టీ తెప్పించాను. ఆమె తాగలేదు.

సవరణల విభాగం అకెలో గారిది. మంచి మనిషి, నియమం తప్పని మనిషి. ఫిర్యాదు అంతా విని, పదిహేడో పుట శ్రద్ధగా చదివారు.

"వార్తలో తప్పేమీ లేదు కదమ్మా," అన్నారు.

"వార్తలో లేదండీ. శీర్షికలో ఉంది."

"మేం సవరించేది వార్తల్ని. శీర్షిక వార్తలో భాగం కాదు."

"మరి దేనిలో భాగం?"

అకెలో గారు నిజాయితీగా ఆలోచించారు. "కాగితంలో," అన్నారు.

"అక్కడ జనం విత్తేస్తున్నారండీ. ఈ వారం ఆపకపోతే విత్తనమంతా మట్టిపాలు."

"నాకు బాధగానే ఉందమ్మా. ఒక పని చెయ్యండి, పాఠకుల ఉత్తరాల శాఖకు రాయండి. అక్కడ మీ మాట ఒక్క అక్షరం మార్చరు."

అది నిజమే. నెలిమా గారి ఉత్తరాన్ని ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. అయితే ఉత్తరాలకూ శీర్షిక ఉండాలి కదా, అది కిరిమి గారి శాఖ. 'వానలపై శాస్త్రవేత్త వెనకడుగు' అని పెట్టారు. అది చదివినవాళ్ళు ఆమెనెవరో బెదిరించారని నిర్ధారించుకుని, మిగిలిన విత్తనం కూడా వేసేశారు.

తర్వాత ఎండ కాసింది.

మొక్కజొన్న మొలిచి, రెండేసి ఆకులు వేసి, నిలువునా చుట్టుకుపోయి, గడ్డిలా పసుపెక్కి, పిడికిట పడితే పొడి అయ్యింది. ఒక చేను కాదు, ఒక ఊరు కాదు. పరిశోధన ఏం చెప్పిందో సరిగ్గా అదే, పూసగుచ్చినట్టు జరిగింది. ఒక శాస్త్రవేత్త జీవితంలో ఇంతటి రుజువు అరుదు. మా పత్రిక ఆ విజయాన్ని మొదటి పుటలోనే గుర్తించింది: 'శాస్త్రవేత్త జోస్యం తుస్సు! రైతన్న నోట మట్టి.'

ఆ వారమే మా సంస్థ టీవీలో 'వాతావరణ శాస్త్రాన్ని నమ్మవచ్చా?' అని చర్చ పెట్టారు. ఒక పక్క ఒక ఆచార్యుల వారు, మరో పక్క మోకాలి నొప్పిని బట్టి వానలు చెప్పే ఒక మాజీ కౌన్సిలరు. సమతూకం కోసం ఇద్దరికీ సమానమైన సమయం ఇచ్చారు. (మోకాలే గెలిచింది.)

నెలిమా గారి ఊళ్ళో చీఫ్ గారు బరాజా పిలిచారు. అంటే ఊరందరి సభ. సంజాయిషీ చెప్పమని ఆమెకు కబురు. చెలగాట్ వెళ్తానంది, ఆమె వెంట నేనూ బయల్దేరాను. బడి ఆవరణలో జనం నేల మీద కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది. ఖయెంబా గారు అందరికన్నా వెనక, టోపీ ముఖం మీదకు లాక్కుని ఉన్నారు.

నసంబు అనే ఆవిడ లేచింది. మొగుడు పోయి ముగ్గురు పిల్లలతో సేద్యం చేసుకుంటున్న మనిషి.

"పిల్లల ఉగాలి ముద్దకని దాచిన గింజలు కూడా భూమిలో పోశాను డాక్టరమ్మా. నువ్వు మా ఊరి ఆడపిల్లవని పోశాను. ఎందుకు చెప్పావ్ అట్లా?"

"నేను చెప్పలేదు నసంబూ. ఆగమని చెప్పాను. ఇదిగో, ఇదే పేపర్లో ఉంది, చూడు." నెలిమా గారు పదిహేడో పుట తీసి, చెలగాట్ రాసిన వార్త మొదటి నుంచి చివరి దాకా వాళ్ళ భాషలో చదివి వినిపించారు.

నసంబు ఓపిగ్గా వింది. "బాగుంది. కానీ మా ఊరికి పేపరు ఒకటే వస్తుందమ్మా. కొట్టు సిమ్బా మొదటి కాగితం గోడకు అంటిస్తాడు. మిగతావాటిలో మందాజీ బూరెలు చుట్టిస్తాడు. నువ్వు చదివింది నేను తినేసి ఉంటాను."

కొందరు నవ్వారు. నసంబు నవ్వలేదు. నెలిమా గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె తప్పు లేదని ఆ విధంగా సభ సాక్షిగా తేలింది. మొలకలు మాత్రం లేవలేదు. ఆమె ఇంకేమీ వాదించకుండా, ఎవరి దగ్గర ఏ విత్తనం మిగిలిందో అడగడం మొదలుపెట్టారు. ఒకరి దగ్గర చిక్కుడు గింజలు, ఒకరి దగ్గర చిలగడదుంప తీగలు, చాలామంది దగ్గర ఏమీ లేదు. విశ్వవిద్యాలయానికి సెలవు పెట్టి అక్కడే ఉండిపోయారు. ఉన్నవాళ్ళ చేత లేనివాళ్ళకు తలా కాస్త ఇప్పించారు. వాన పడిన ప్రతిసారీ చేను చేనుకూ తిరిగి, మోచేతి దాకా మట్టిలో గుంట తవ్వి, లోపల తడి ఉందో లేదో పట్టి చూపించారు. "ఇంకా లేదు. ఆగండి," అనేవారు. ఆగారు.

అసలు వాన వచ్చిన మర్నాడు ఖయెంబా గారు పార పట్టుకుని ఆమె ముందుకొచ్చి నిలబడ్డారు. క్షమించమనడం ఆయనకు చేతకాదు. "మా చేను కూడా ఒకసారి తవ్వి చూడవే," అన్నారు.

నెలిమా గారు తవ్వి, పిడికెడు మట్టి తీసి ఆయన అరచేతిలో పెట్టారు. "ఇప్పుడు వెయ్యి మామా."

ఆ ఏడాది అక్కడ మొక్కజొన్న అంతంతమాత్రమే. చిక్కుళ్ళు పండాయి, దుంపలు ఊరాయి, జనం బతికారు. నసంబు పెద్ద కొడుకు మాత్రం బడి మానేసి ఎల్డొరెట్‌లో ఇటుకలు మోసే పనికి వెళ్ళాడు. ఇదంతా చెలగాట్ రాసింది. 'నిలదీసిన రైతులు: కన్నీళ్ళు పెట్టుకున్న శాస్త్రవేత్త' అన్న శీర్షికతో అచ్చయింది. చెలగాట్ ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చింది. ఇప్పుడు కిటాలేలో ఒక చిన్న రేడియోలో పనిచేస్తోంది. అక్కడ శీర్షికలుండవు.

ఇంత జరిగాక విశ్వవిద్యాలయం చేతులు ముడుచుకు కూర్చుంటుందా? విచారణ సంఘం వేశారు. పరిశోధన నిర్దోషమైనదనీ, దాన్ని ప్రజలకు చెప్పే నేర్పు డాక్టర్ నెలిమాలో లోపించిందనీ ఆ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. శాస్త్రవేత్తలందరికీ 'సామాన్యులకు సూటిగా చెప్పడం ఎలా' అన్న శిక్షణ తప్పనిసరి చేశారు. శిక్షకుడిగా అపారమైన అనుభవం ఉన్న పత్రికా ప్రముఖుణ్ణి రప్పించారు. కిరిమి గారు కొత్త కోటు కుట్టించుకుని వెళ్ళారు. పత్రిక తరఫున ఫొటోలకని నన్నూ తోడు పంపారు.

చివరి రోజు పరీక్ష. ఎవరి పరిశోధన సారాన్ని వారు ఒక్క వాక్యంలో, చదువు రాని రైతుకు కూడా అర్థమయ్యేలా రాయాలి. నెలిమా గారు మొదటి వరసలో కూర్చుని, ఎక్కువసేపు ఆలోచించకుండా రాసి ఇచ్చేశారు: 'తొలి జల్లు చూసి విత్తకండి, నేల లోపలి దాకా తడిసేవరకు ఆగండి.'

కిరిమి గారు దాన్ని రెండుసార్లు చదివారు. (ఆయన దేన్నయినా రెండుసార్లు చదవడం నేను చూసింది ఆ ఒక్కసారే.) తర్వాత ఎర్ర పెన్సిలు తీసి సున్నా చుట్టి, ఎందుకో ఆమెకు తెలియాలి కదా అని పక్కనే రాశారు:

'ఇందులో వార్త లేదు.'