అప్‌డేట్‌కు నా ఆశీస్సులు

మా మనవరాలు నీలిమ నాలుగోసారి బ్యాగు సర్దుతోంది. విశాఖ ప్రయాణం. ఇంతకుముందు మూడుసార్లు సర్దింది, మూడుసార్లూ విప్పింది. విప్పించిన మహానుభావుడు ఎవరో తెలుసా? ల్యాప్‌టాప్ అప్‌డేట్!

కాబట్టి ఒక విషయం ముందే చెప్పేస్తున్నాను. అప్‌డేట్‌ను తిట్టేవాళ్ళు ఈ రచన చదవనక్కర్లేదు. మానవజాతికి దక్కిన వరాల్లో అంతకు మించినది లేదు!

నవ్వకండి. మా చిన్నతనంలో ఎవరైనా గుమ్మం దాటుతుంటే ఇంట్లో ఒకరు తుమ్మేవారు. వెళ్ళేవాళ్ళు వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరేవారు. ఆ తుమ్ము ఆపగలిగింది ఎంతసేపు? మహా అయితే ఐదు నిమిషాలు. అప్‌డేట్ ఆపితే? వారం! ఒక్కోసారి రెండు వారాలు! ఇది అభివృద్ధి కాదా?

ఈ హిందీ ఊళ్ళో, మా కోహ్కా పేటలో, పక్కింటి నరసింగరావు గారు విజయనగరంలో ఉన్న తమ్ముడికి, ఇక నీ గడప తొక్కనని ఘాటుగా ఉత్తరం టైపు చేసి పంపబోయారు. సరిగ్గా అప్పుడే తెర నీలంగా మారింది. 'అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటర్ ఆపవద్దు' అని వచ్చింది. ముప్పై శాతం దగ్గర ఆయన పళ్ళు కొరికారు. అరవై దగ్గర టీ తాగారు. తొంభై తొమ్మిది దగ్గర అది గంటసేపు నిలబడిపోయింది. నూరు అయ్యేసరికి ఆయనకు తమ్ముడితో తగువేమిటో గుర్తులేదు! ఏ పెద్దమనిషి ఇలా రాజీ కుదర్చగలడు?

వైరాగ్యం నేర్చుకోవడానికి హరిద్వార్ దాకా పోవాలా? తొంభై తొమ్మిది శాతం దగ్గర గంట కూర్చోండి, చాలు.

సరే, అసలు సంగతికి వస్తాను. నీలిమ ఉద్యోగమే అప్‌డేట్‌లు పరీక్షించి పంపడం. ఇంట్లో కూర్చునే చేస్తుంది. ఈసారి అప్‌డేట్ వెళ్ళాల్సింది వాళ్ళ కంపెనీ విశాఖ శాఖలో ఉన్న ఆరు వందల ల్యాప్‌టాప్‌లకు. అన్నీ పాత మోడల్. దూరం నుంచి పంపితే మొరాయిస్తాయట. మనిషి వెళ్ళి, పదిహేను రోజులు దగ్గర కూర్చుని చేయాలి.

ఆ పాత మోడల్‌ది ఒకటి మా ఇంట్లో ఉంది, పరీక్షల కోసం. దాని మీద తెలుగు పేపర్లు, కథలు చదివేది నేనే. బడికి పోనిదాన్ని. పొట్లాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నదాన్ని. అందుకే నీలిమ నన్ను పరీక్షకురాలిగా నియమించింది. "అమ్మమ్మ వంక పెట్టకపోతే దునియాలో ఇంకెవరూ పెట్టలేరు" అని మా అల్లుడితో అంది. పొగడ్తగానే తీసుకున్నాను.

పద్ధతి ఏమిటంటే, అప్‌డేట్ ఎక్కించాక నేను మూడు రోజులు వాడతాను. ఆ తర్వాత తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: 'అంతా సరిగ్గా పనిచేస్తోందా?' నేను 'అవును' నొక్కితే నీలిమ విశాఖ వెళుతుంది. 'కాదు' నొక్కితే అప్‌డేట్ మళ్ళీ మరమ్మతుకు పోతుంది. నీలిమ ఇంట్లో ఉంటుంది.

ఇంత అధికారం ఈ జన్మలో నాకు ఎవరైనా ఇచ్చారా!

మొదటిసారి 'కాదు' నొక్కాను.

"ఏటైందే అమ్మమ్మా?"

"ఫేను హోరెత్తిపోతంది. పెనం మీద అట్టు పోసినట్టు చుయ్యిమంటంది."

రెండోసారి తెర మసకగా ఉందన్నాను. మూడోసారి నొక్కితే కదలట్లేదన్నాను.

"అరే, కల్ తక్ తో ఠీక్ థా!" అంది నీలిమ. తనకు కోపమొస్తే హిందీలోకి పోతుంది.

"నిన్న బాగున్నోళ్ళందరూ ఇయాళ బాగుంటారేటి?" అన్నాను.

వాళ్ళ ఆఫీసులో పెద్ద పెద్ద ఇంజనీర్లు తలలు పట్టుకున్నారట. లేని రోగానికి మందు వెతకడం సులువా? మొన్న నీలిమకు పై అధికారి నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఈ సోమవారానికి విశాఖలో పని మొదలవ్వకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని. ఆ రాత మాత్రం నా కళ్ళకు మసకగా కనబడలేదు.

ఈ ఉదయం నీలిమ ఆ పాత ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఇటు చూడు. నువ్వు రోజుకి ఎన్ని గంటలు చదివావో, ఎక్కడ ఏది నొక్కావో అన్నీ దీన్లో రాసుంటాయి. ఒక్క తప్పూ లేదు. ఝూట్ బోలీ నా? అబద్ధమాడావు కదూ?"

"యంత్రం మాట నమ్ముతావు గానీ నా మాట నమ్మవేటి?"

"నీ మాట నమ్మే కదే మూడుసార్లు బ్యాగు విప్పాను!" అని నవ్వేసింది. "పదిహేను రోజులే అమ్మమ్మా. దేనికి భయం? అప్‌డేట్‌లో ఏదైనా తేడా వస్తే రోల్‌బ్యాక్ చేస్తాను. ముందెలా ఉందో అలా అయిపోద్ది."

"దానికుంది. నీకుందేటి రోల్‌బ్యాక్?"

నీలిమ నవ్వు ఆగింది. నా పక్కన కూర్చుంది. "నువ్వే నొక్కు. నువ్వు 'అవును' అంటేనే వెళ్తాను" అంది.

పాఠకులారా, చూశారా పిల్ల తెలివి! అబద్ధం పట్టుకుని కూడా అధికారం నా చేతిలోనే వదిలేసింది. బ్యాగు జిప్పు ఇంకా సగమే వేసి ఉంది. నేను 'అవును' నొక్కాను.

కాబట్టి ఒప్పుకుంటున్నాను. అప్‌డేట్‌లో ఏ దోషమూ లేదు. ఫేను చప్పుడు చెయ్యలేదు, తెర మసకబారలేదు. దోషం పరీక్షకురాలిది. అయినా ఒక్క మాట అడగనివ్వండి. ఒక యంత్రానికి నాలుగు మార్పులు చేసి పంపడానికి మూడు రోజుల పరీక్ష, ఒక ముసలిదాని అనుమతి, తేడా వస్తే వెనక్కి తెచ్చే దారి. ఇన్ని ఉన్నాయి. మరి మనిషిని పంపడానికి ఏమున్నాయి? బ్యాగు సర్దడం, 'జాగ్రత్త' అనడం. అంతే కదా?

ఎన్నో ఏళ్ళ కిందట ఒక రోజు కూడా నేను అంతే చేశాను. ఎవరూ తుమ్మలేదు. ఏ తెరా నీలంగా మారలేదు. బండి కూడా సమయానికే వచ్చింది.

మా ఆయన త్రినాథరావు, తన మేనకోడలి పెళ్ళికని, నాలుగు రోజుల్లో వచ్చేస్తానని, ఇక్కడి పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో బండెక్కాడు. దారిలో గుండె ఆగిపోయింది. 1991 మే 14. తిరిగి రాలేదు.