ఆదివారం విప్పి కడిగేవి

ఆదివారం ఉదయం పెదమెట్ట కాలనీవాళ్లు కారు ఎయిర్ ఫిల్టరుతోపాటు తమ ఊపిరితిత్తులు కూడా విప్పి శుభ్రం చేసుకుంటారు. కాలనీ పక్కన ఫ్యాక్టరీ పొగగొట్టం లేచినప్పటి నుంచి ఇది మామూలే. ఫిల్టరును నేలకేసి తట్టి, లోపలివైపు నుంచి గాలి కొడతారు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలో పేరుకున్న మసిని స్ప్రే కొట్టిన గుడ్డతో తుడుస్తారు. ఊపిరితిత్తులకు పాత టూత్‌బ్రష్షు వాడతారు. కడిగాక చేటలో నీడన ఆరబెడతారు. అవి ఆరి లోపల పెట్టుకునేదాకా ఎవరూ మాట్లాడలేరు.

టాక్సీ నడిపే దాలినాయుడి కూతురు హేమ నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతోంది. అందుకని అతని భార్య పోలమ్మ పొగగొట్టం మూయించమని అర్జీ పెట్టింది. వారంలో తనిఖీకి వస్తామని జవాబొచ్చింది.

ఊపిరితిత్తుల్లోని మసే సాక్ష్యమని, తనిఖీ అయ్యేదాకా కడగొద్దని పోలమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పింది. అందరూ సరేనన్నారు. తీరా ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే వాకిళ్లు ఊడ్చి, ముగ్గులేసి, బ్రష్షులు పట్టుకు కూర్చున్నారు. విప్పబోతున్న పొరుగింటి అప్పలనర్సమ్మను పోలమ్మ నిలదీసింది.

“ఏటొదినా, ఈ మసి ఇలాగే సూపిత్తామేటి? ఆఫీసరుబాబు మన గురించి ఏటనుకుంటాడు?” అంది అప్పలనర్సమ్మ.

పోలమ్మ మాత్రం తమ ఇంట్లో ఎవరివీ, కూతురివి కూడా, కడగలేదు. అప్పటికి వారంగా హేమ పడుకుంటే ఊపిరాడక గోడకు చేరగిలబడే నిద్రపోతోంది.

ఆఫీసరు ఇంటింటా బానెట్ ఎత్తించి ఫిల్టరు చూశాడు. తర్వాత చేటలోవి చూశాడు. ఎక్కడా మసి లేదు. చివరికి పోలమ్మ విప్పి ఇచ్చిన హేమవి చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు నల్లబడితే రుమాలుతో తుడుచుకున్నాడు.

“అందరూ పీల్చేది ఒకే గాలి కదమ్మా. వాళ్లవి శుభ్రంగా ఉన్నాయి, మీ పాపవి లేవు. అంటే తేడా గాలిలో లేదు, మీ ఇంట్లో ఉంది.”

“ఆళ్లు పొద్దున్నే కడిగేసుకున్నారు బాబూ.”

“మీరూ కడగాల్సింది.”

పోలమ్మ చుట్టూ చూసింది. ఎవరూ మాట్లాడలేదు. వాళ్లవి ఇంకా ఆరలేదు.

ఫ్యాక్టరీకి అనుమతి పొడిగించారు. బిడ్డ ఊపిరితిత్తుల నిర్వహణలో అశ్రద్ధ చూపినందుకు దాలినాయుడు దంపతులకు నోటీసు ఇచ్చారు. రెండో పొగగొట్టానికి పునాది తీసిన రోజున ఫ్యాక్టరీవాళ్లు కాలనీలో ఉచితంగా బ్రష్షులు పంచారు. పిల్లల కోసం చిన్న సైజువి వేరే తెచ్చారు. పోలమ్మ లైన్లో నిలబడి ఒకటి తీసుకుంది.

ఇప్పుడు హేమవి రోజూ కడుగుతోంది. పిల్ల నిద్రలో ఉండగా విప్పితే ఏడవదని కనిపెట్టింది.