మూడో అంతస్తు మునసబు

ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి అల్లుడు కుక్కని ఎత్తుకుని మూడంతస్తులు దిగాలి. వీధి దీపం స్తంభం దగ్గర అది పని కానిచ్చుకోవాలి. మళ్ళీ ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కి, ఎనిమిదింటికి డ్యూటీకి పోవాలి. ఏడాదిగా రోజుకి నాలుగుసార్లు నడుస్తున్న పథకమే. మెట్లు యాభై నాలుగు. కుక్క ముప్పై కిలోలు. ఆ భవనానికి లిఫ్టు లేదు.

కుక్క పేరు మునసబు. వయసు పద్నాలుగేళ్ళు. కిడ్నీలు సగం పోయాయి, వెనక కాళ్ళు ముప్పాతిక పోయాయి. బుద్ధి మాత్రం చెక్కు చెదరకుండా ఉంది, వచ్చిన చిక్కంతా దానితోనే. పొద్దున రెండు మాత్రలు, మధ్యాహ్నం అన్నంలో పొడి, సాయంత్రం చర్మం కింద సెలైను. నిలబెట్టాలంటే పొట్ట కింద తువ్వాలు వేసి పైకి లాగి పట్టుకోవాలి. ముసలి కుక్కల గురించి రాసేవాళ్ళు ప్రేమ, విశ్వాసం అని పేజీలు నింపుతారు. వాళ్ళెవరూ ముప్పై కిలోలు ఎత్తి ఉండరు. ఇది నడుంతో చేసే పని. ఆ ఇంట్లో ముగ్గురూ అలిసిపోయి ఉన్నారు, ఎంత అలిసిపోయారో చెప్పుకునే ఓపిక కూడా లేనంతగా.

ముగ్గురంటే అత్తగారు, ఆవిడ కూతురు, అల్లుడు. ఇల్లు అత్తగారిది. కూతురు ఆసుపత్రి లాండ్రీలో మొదటి షిఫ్టు. అయిదున్నరకే వెళ్ళిపోతుంది, రెండుకి కాస్త ముందు వస్తుంది. అల్లుడు గ్యాస్ కంపెనీలో మీటర్లు చూస్తాడు. ఎక్కడైనా పైపు కారుతోందని ఫిర్యాదు వస్తే ముందు అతన్నే పంపుతారు. యంత్రం పట్టుకోలేని వాసన అతను పట్టుకుంటాడని కంపెనీలో నమ్మకం. అక్కడ అతని పేరు ముక్కు.

ఆ ఉదయం ముక్కు మునసబుని ఎత్తడానికి వంగాడు. మళ్ళీ లేవలేదు. నడుంలో ఏదో పుటుక్కుమంది. సగానికి మడిచిన కాగితంలా అలాగే ఉండిపోయాడు. అత్తగారు వంటింట్లోంచి వచ్చి చూసి, ఏం పోయిందని అడిగింది. నడుం పోయిందన్నాడు. మునసబు పని అయిందా అని అడిగింది. కాలేదన్నాడు. ఆవిడ మొహం అప్పుడు మారింది, అల్లుడి నడుం సంగతి విన్నప్పుడు కాదు.

మునసబు చివరిసారి పోసుకుంది నిన్న రాత్రి తొమ్మిదికి. కుక్కల డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ మెత్తగా చెప్పలేదు. "మధ్యాహ్నం రెండు లోపల ఎలాగోలా పోయించండి. రెండు దాటితే వాడు పోద్దామనుకున్నా రాదు. మత్తిచ్చి గొట్టం వెయ్యాలి. ఈ వయసులో మత్తిస్తే మళ్ళీ లేస్తాడని నేను మాటివ్వలేను." రెండింటికి వ్యాను పంపిస్తానని, ఈలోగా ఇంట్లోనే ప్రయత్నం చెయ్యమని అంది.

అసలు చిక్కు ఇంట్లోనే. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు మునసబు ఒకసారి చాప తడిపాడు. అత్తగారు వాడి ముక్కు పట్టుకుని, "ఇంట్లో పోస్తే ఊరుకోను" అంది. ఒక్కసారే అంది. వాడు పద్నాలుగేళ్ళుగా ఆ మాట మీద నిలబడి ఉన్నాడు. అతిసారం వచ్చినప్పుడు కూడా తలుపు దగ్గరికి పాకాడు తప్ప చాప ముట్టుకోలేదు. మనుషుల్లో ఇంత మాట మీద నిలబడేవాణ్ణి చూపించండి, నాయకుణ్ణి చేద్దాం.

బాత్రూములో నిలబెట్టి కొళాయి తిప్పారు. ఆ నీళ్ళు తాగాడు. బాల్కనీలో పాత పేపర్లు పరిచారు. వాటి మీద పడుకున్నాడు. తలుపు అవతల మెట్ల దగ్గరికి ఈడ్చారు. పొద్దున్నే ఫినాయిలుతో కడిగిన గచ్చు; వాసన చూసి, ఇదీ ఇల్లే అన్నట్టు మొహం తిప్పుకుని గడప లోపలికి వచ్చి పడుకున్నాడు. కిందింటివాళ్ళని సాయం అడుగుదామంటే వాడు బయటివాళ్ళని ముట్టుకోనివ్వడు. ఒంట్లో బాగా పనిచేస్తున్నవి పళ్ళొక్కటే.

పదింటికి అత్తగారు మోకాళ్ళు పట్టుకుని వాడి పక్కన నేల మీద కూలబడింది. "పోసుకోరా నాయనా. ఎప్పుడో ఏదో నోరు జారాను. ఇంకా మనసులో పెట్టుకున్నావా?" మునసబు ఆవిడ చెయ్యి నాకాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఏం చేస్తారో చెయ్యండి, నా వల్ల వీడు పోయాడనిపించుకోలేను అని అల్లుడితో అంది.

డాక్టరమ్మ రెండోసారి ఫోన్లో ఒక ఉపాయం చెప్పింది. వేరే కుక్కలు పోసిన మట్టి కాస్త తెచ్చి బాల్కనీలో పెట్టమంది. పాతది పనికిరాదు, తాజాగా ఉండాలంది. అల్లుడు చెత్త చేటా, ఒక పాత గరిటె పట్టుకుని, గోడకి ఆనుకుంటూ యాభై నాలుగు మెట్లు దిగాడు. ఒంటి మీద కంపెనీ చొక్కానే ఉంది. పొద్దున వేసుకున్నది విప్పాలంటే నడుం తిప్పాలి.

స్తంభం చుట్టూ మట్టి మూరెడు మేర ఒకలాగే కనిపిస్తుంది. తాజాది ఏదో కంటికి తెలియదు. కాబట్టి అతను తనకి చాతనైన పని చేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మొహం నేలకి ఆనించి, వాసన చూశాడు. జానెడు జరిగి మళ్ళీ చూశాడు. ఇరవై ఏళ్ళుగా కంపెనీ నేర్పిన పద్ధతి అదే: నాలుగు వైపులా చూడాలి, ఎక్కడ గాఢంగా ఉందో గుర్తు పెట్టాలి. అతను అలవాటు కొద్దీ జేబులోంచి సుద్దముక్క తీసి గుండ్రం గీశాడు కూడా.

మొదటి అంతస్తు బాల్కనీలోంచి భవనం సంఘం సెక్రటరీ ఇదంతా చూశాడు. ఏం చేస్తున్నావని ఒక్క మాట అడిగి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ అడిగి తెలుసుకునేవాళ్ళు సెక్రటరీలు కారు. గ్యాస్ కారుతోందని ముందు కంపెనీకి ఫోన్ చేశాడు. మీ ముక్కే స్వయంగా పట్టాడు, సుద్ద గీత కూడా గీశాడు అని రాయించాడు. తర్వాత ప్రతి తలుపూ కొట్టి పొయ్యిలు ఆర్పించాడు. పది నిమిషాల్లో పదకొండు ఇళ్ళవాళ్ళు సగం ఉడికిన వంట వదిలేసి రోడ్డు మీద నిలబడ్డారు.

అల్లుడు చేటలో మట్టి నింపుకుని లేవబోయేసరికి చుట్టూ జనం. వాళ్ళకి సంగతి చెప్పబోయాడు. దూరంగా వచ్చి చెప్పమని వాళ్ళే వెనక్కి తగ్గారు. ఇంతలో కంపెనీ లారీ వచ్చింది. సూపర్వైజరు దిగుతూనే అతని భుజం తట్టాడు. నడుం నొప్పని సెలవడిగి కూడా డ్యూటీ చేస్తున్న మనిషిని తన సర్వీసులో చూడలేదని అందరి ముందూ అన్నాడు. వీధి గ్యాస్ వాల్వు మూయించాడు.

"సార్, అది గ్యాస్ కాదు" అన్నాడు అల్లుడు.

"మరేంటి?"

"కుక్క ఉచ్చ."

సూపర్వైజరు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. అతని మీద కోపం లేదు, జాలే ఉంది. "నొప్పికి ఏమైనా మాత్ర వేసుకున్నావా?"

వేసుకోలేదు, మా కుక్క కోసం మట్టి తీసుకెళ్తున్నాను అని మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. సూపర్వైజరు ఓపిగ్గా విని ఫారం చూపించాడు. అందులో రెండే గళ్ళు: తవ్వగా లీకు కనబడినది, తవ్వగా లీకు కనబడలేదు. తవ్వకుండా నింపే గడి లేదు. పైగా వాసన పట్టిన ఉద్యోగి పేరు రిజిస్టరులోకి ఎక్కాక తవ్వకుండా తిరిగి వెళ్తే సూపర్వైజరు ఉద్యోగం పోతుంది. ఆ నియమం ఎవడు పెట్టాడో, ఎందుకు పెట్టాడో ఎవరూ చెప్పలేరు. తవ్వేవాళ్ళు మాత్రం అప్పటికే గునపాలు దించారు. అన్నిటికంటే ఘోరం, చేటలో మట్టిని నమూనా కింద లాక్కున్నారు. సంచీలో పోసి, సీలు వేసి, దాని మీద అతని చేతే సంతకం పెట్టించారు.

"సార్, ఒక్క గరిటెడు వదిలెయ్యండి. రెండింటికల్లా వాడు పోసుకోకపోతే చచ్చిపోతాడు."

"నమూనా తగ్గితే నన్నడుగుతారయ్యా. నువ్వెళ్ళి పడుకో."

వెళ్ళాడు. యాభై నాలుగు మెట్లు ఒట్టి చేతులతో, ఒంగిన నడుంతో. ఇంకో గరిటెడు ఎత్తుకుందామంటే స్తంభం చుట్టూ మూడడుగుల గొయ్యి, మట్టంతా రోడ్డు మీద, దాని మీద పదకొండు ఇళ్ళవాళ్ళ అడుగులు. పైన మునసబు గడప దగ్గర అలాగే ఉన్నాడు. పొట్ట బిగిసింది, ఎగరొప్పుతున్నాడు. అల్లుడు వాడికి కాస్త ఇవతల, హాల్లో నేల మీద వాలాడు. ఇద్దరిలో ఎవరు ముందు లేస్తారో చెప్పడం కష్టం. అత్తగారు మూడోసారి నేల తుడిచింది, ఏదో ఒకటి చెయ్యకపోతే చేతులు ఊరుకోవడం లేదు కాబట్టి.

ఒంటిగంటన్నరకి లీకు లేదని తేలింది. ఎందుకు తవ్వారో కూడా తేలింది, సూపర్వైజరు సెక్రటరీకి వివరంగా చెప్పి మరీ వెళ్ళాడు. వాల్వు తెరవడానికి వేరే విభాగం వాళ్ళు రావాలట, సాయంత్రం అవుతుందట. అంతే, ఉడకని వంటల ఆకలంతా ఒక్కటై మెట్లెక్కింది. ముందు సెక్రటరీ, వెనక పదకొండు ఇళ్ళు.

అత్తగారు గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది. "తిట్టడానికైనా సరే, చెప్పులు బయట విప్పి రండి. ఇప్పుడే తుడిచాను."

కోపం ఎంతున్నా అలవాటు అలవాటే. అందరూ విప్పారు. రబ్బరు చెప్పులు, తోలు చెప్పులు, సెక్రటరీ నల్ల బూట్లు, అన్నీ స్తంభం దగ్గరి మట్టితో తలుపు బయట కుప్పపడ్డాయి. వాళ్ళు లోపలికి వచ్చి, గడప పక్కన పడి ఉన్న మునసబుని జాగ్రత్తగా దాటి, హాల్లో పడి ఉన్న అల్లుడి చుట్టూ నిలబడ్డారు. అతను పడుకునే జవాబు చెప్పాడు. అలా పడుకుని మాట్లాడటం కూడా వాళ్ళకి అవమానంగానే కనిపించింది. సెక్రటరీ జేబులోంచి కాగితం తీసి, ఈ భవనంలో ఇక మనుషులన్నా ఉండాలి, ఈ కుక్కన్నా ఉండాలి అన్నాడు. వారంలోగా కుక్కని పంపించెయ్యాలని తీర్మానం చదవడం మొదలుపెట్టాడు.

గడప పక్కన మునసబు తల ఎత్తాడు. మెట్లు దిగలేని వాడి కోసం వీధే మెట్లెక్కి వచ్చింది. ఆ చుట్టుపక్కల కుక్కలన్నీ, నిన్నటివీ ఇవాళ్టివీ, ఆ చెప్పుల అడుగున ఉన్నాయి. ముందు కాళ్ళతో ఒళ్ళంతా లాక్కుంటూ గడప దాటాడు. లేవబోయి, వెనక కాళ్ళు జారి, కూలబడ్డాడు. మళ్ళీ లేవబోయాడు.

సరిగ్గా అప్పుడే కూతురు డ్యూటీ దిగి మెట్లెక్కి వచ్చింది. తలుపు బయట చెప్పుల కుప్ప, కుప్ప ముందు వణుకుతున్న కుక్క. లోపలినుంచి సెక్రటరీ గొంతు: "సదరు జంతువును వెంటనే…" ఆమెకి ఏం జరిగిందో తెలియదు. ఏం జరగబోతోందో తెలిసింది. చేతిసంచీ కింద పెట్టింది. చున్నీ తీసి మునసబు పొట్ట కింద వేసి, రెండు కొసలూ పట్టుకుని పైకి లాగింది. కుప్ప వైపు, ఒక్క అడుగు, వాడితో కలిసి వేసింది.

సెక్రటరీ తీర్మానం ఒకటిన్నర పేజీ. మునసబుది అంతకంటే పెద్దది.

శబ్దం ముందు అత్తగారికి వినిపించింది. గుమ్మంలోకి వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వెనకే సెక్రటరీ వచ్చాడు, తన బూట్లు చూసుకున్నాడు, నోరు తెరిచాడు. అత్తగారు రెండు చేతులూ జోడించింది.

"వాణ్ణేం అనకండి బాబూ. అంటే ఇంకో పద్నాలుగేళ్ళు ఆపుకుంటాడు."

లోపల నేల మీద నుంచి అల్లుడు అయిందా అని అడిగాడు. కూతురు చున్నీ వదలకుండా, ఇంకా అవుతోంది అంది. గడియారం రెండుకి ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. డాక్టరమ్మకి ఫోన్ చేసి వ్యాను వద్దన్నారు. పదకొండు ఇళ్ళవాళ్ళు ఒట్టి కాళ్ళతో, గోడవారగా, ఒకరినొకరు చూసుకోకుండా కిందికి దిగారు. చెప్పులు వేళ్ళ కొసలతో పట్టుకున్నవాళ్ళు కొందరు, పట్టుకోనివాళ్ళు కొందరు.

అల్లుడి నడుం కుదుటపడటానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా కూతురు ఆసుపత్రిలో ఎవరో పారేసిన చెప్పులు నాలుగు జతలు తెచ్చింది. ఇంట్లోవాళ్ళు వాటితో వీధిలో తిరిగి వచ్చి, బాల్కనీలో కుప్ప పోశారు. మునసబు దాన్ని వీధిగానే ఒప్పుకున్నాడు. మాత్రలు, పొడి, సెలైను, తువ్వాలు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, అలసటా అంతే ఉంది, యాభై నాలుగు మెట్లు మాత్రం తప్పాయి.

తీర్మానం చెల్లాలంటే కుక్క ఇంటివాళ్ళ సంతకం కావాలి, సంతకం కోసం పైకెళ్ళినవాళ్ళు ఆ గుమ్మం ముందు చెప్పులు విప్పాలి. ఆ కాగితం ఇంకా మొదటి అంతస్తులోనే ఉంది.