ప్రయోగశాలలకి తాళాలేద్దాం!

ప్రయోగశాలలన్నిటికీ రేపట్నుంచి తాళాలు వేసేయాలని సవినయంగా మనవి చేస్తున్నాను. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. సమస్తం పవిత్ర గ్రంథంలో ఎప్పుడో రాసిపెట్టి ఉండగా ఆ గాజు గొట్టాలూ, మైక్రోస్కోపులూ, తెల్లకోట్లూ ఎందుకండీ దండగ?

ఏ గ్రంథం అంటారా? మీ ఇంట్లో ఉన్నదే అనుకోండి. ఎవరింటి గ్రంథం వాళ్ళకి అంతే!

ఈ జ్ఞానోదయం నాకు మా బావగారి వల్ల కలిగింది. అక్క భర్త. ముప్ఫయ్యేళ్ళు బళ్ళో సైన్సు చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాకే అసలు పరిశోధన మొదలైంది. పొద్దున్నే చేతిలో పేపరు, ఒళ్ళో గ్రంథం, చెవి మీద ఎర్ర పెన్సిలు. పేపర్లో కొత్త సంగతి పడ్డమే ఆలస్యం, టిఫిను వేళకల్లా గ్రంథంలో దొరికి తీరుతుంది.

"దూరముననున్నవాడు నీ పలుకు వినును." సెల్‌ఫోను! "నీరు సుడి తిరిగెను, మలినము తొలగెను." వాషింగ్ మెషీను కాకపోతే మరేవిటి? అందులో బట్టలు ఆరేసే సంగతి ఎందుకు లేదని మా అక్క అడిగింది, ఆరేసేది తనే గనక. "నీకన్నీ వెటకారమే" అని బావగారు పేజీ తిప్పేశారు.

గ్రహాలు తొమ్మిదున్న రోజుల్లో గ్రంథంలోనూ దీపాలు తొమ్మిదే. ఒక గ్రహాన్ని లెక్కలోంచి తీసేశారని వార్త వచ్చిన రోజు పాపం ఆయన అన్నం కూడా ముట్టలేదు. సాయంత్రానికి దొరికింది. ఆ తొమ్మిదిట్లో ఒక దీపం కాస్త మసగ్గా ఉందట! ఇంత ఓపిక ఏ సైంటిస్టుకుందండీ?

వీళ్ళమ్మాయి ఉంది, మా మేనకోడలు. చిట్టి అంటాం. మంచినీళ్ళ పైపుల్లో పాచి ఎందుకు వదలకుండా పట్టుకుంటుందో తేల్చడానికి ఏడేళ్ళు ల్యాబులో కూర్చుంది. కళ్ళజోడు నంబరు రెండుసార్లు మారింది. ఆఖరికి తేల్చింది. పెద్ద పత్రికలో అచ్చయింది. ఆ కాగితాలు తీసుకుని బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చింది. నేనక్కడే ఉన్నాను. తండ్రి నోట ఒక్క మంచి మాట కోసం ఆ పిల్ల మొహం ఎలా ఎదురుచూస్తోందో నేను చూశాను.

బావగారు మొదటి పేజీ పైపైన చూసి చటుక్కున గ్రంథం తీశారు.

"ఇదిగో! 'గొట్టము కడుపున జిగురు కాపురముండును.' ఎప్పుడో చెప్పేశారమ్మా!"

చిట్టి వంగి ఆ వాక్యం తనూ ఒకసారి చదివింది. "మరి ఏడేళ్ళ కిందటే నాకు చెప్పలేదేం నాన్నా?"

"భలేదానివే! నువ్వు కనిపెడితేగా నాకు కనిపించేది!"

అబద్ధమాడే మనిషి కాదు మా బావ. అది మాత్రం ఒప్పుకోవాలి. చిట్టి కాగితాలు మడిచి మళ్ళీ సంచీలో పెట్టేసుకుంది. నా మనసు చివుక్కుమంది.

అక్క వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆయన ఒళ్ళోంచి గ్రంథం అందుకుంది. సైన్సు చదువుకున్నది కాదు. రోజుకో పేజీ చదువుకుని తన పని తను చూసుకునే మనిషి. ఆ కింది వాక్యం పైకి చదివింది. "శ్రమించి ఇల్లు చేరినవారితో ముందు చల్లని మాట పలుకుము."

"దానికీ సైన్సుకీ సంబంధం ఏవిటే?" అన్నారు బావగారు, నిజంగానే అర్థం కాక.

ఆయన్నని ఏం లాభం లెండి? ఆ వాక్యం గురించి ఇంతవరకూ ఏ పేపర్లోనూ పడలేదు. కాబట్టి పాఠకులారా, తాళాల సంగతి కొన్నాళ్ళు వాయిదా వేద్దాం. ఏ ల్యాబువాళ్ళయినా దయచేసి దాన్ని కూడా త్వరగా కనిపెట్టెయ్యండి. మా బావగారు చదువుకోవాలి!