కోటు తీసేదాకా

ఆ రోజు పొద్దున ఆరున్నరకే లేచి అల్లుడుగారు గడ్డం గీసుకున్నారు. ఇందులో వింతేముంది అనుకునేవాళ్ళు ఆయన్ని ఈ మూడేళ్ళలో చూసి ఉండరు. ఒక మిక్సీల కంపెనీలో, కొన్నవాళ్ళ ఫిర్యాదులు వినే విభాగంలో ఆయనకు ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇంటికే వచ్చేసిన దగ్గర్నుంచి గడ్డం ఆదివారానికీ, స్నానం మధ్యాహ్నానికీ, ఇస్త్రీ చొక్కా ఎప్పటికో తెలియని ఒక రోజుకీ వాయిదా పడ్డాయి. మోకాలి దగ్గర చిరిగిన పైజమా, భుజం దగ్గర చిల్లుపడ్డ బనియను, ఇదీ ఆయన వేషం. ఫిర్యాదులన్నీ ఫోనులోనే వస్తాయి కనుక అవతలివాళ్ళకి ఆయనొక గొంతు మాత్రమే.

కానీ ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ముగ్గురు డైరెక్టర్లు కెమెరాలో ఆయన్ని చూడబోతున్నారు. విభాగానికి పెద్దగా ఎవర్ని వేయాలో తేల్చే ఇంటర్వ్యూ. ఈ పదవి ఆయన చేతిదాకా వచ్చి జారిపోవడం ఇప్పటికి రెండుసార్లు అయింది. రెండోసారి ఎందుకు జారిందో కాస్త ఆలస్యంగా చెవిన పడింది. "మనిషి మంచివాడే, పని తెలిసినవాడే, కానీ ఎప్పుడు చూసినా అప్పుడే నిద్ర లేచినట్టుంటాడు" అన్నారట. ఆ మాట ఆయన్ని ఏడాదిగా తొలుస్తోంది. మూడోసారి కూడా పోతే, తన దగ్గర పని నేర్చుకున్నవాడి కిందే పనిచేయాలి. అందుకే ఆ రోజు పనికి సెలవు పెట్టి, పొద్దున్నుంచే ముస్తాబై కూర్చుంటే సాయంత్రానికి మొహానికి అది అలవాటవుతుందని లెక్క వేసుకున్నారు. పోయినసారి ముందే ఇంట్లో చాటింపు వేసి నవ్వులపాలయ్యారు కాబట్టి, ఈసారి భార్యకు కూడా చెప్పలేదు.

ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, కాస్త సెంటు. చివరగా హాల్లో కొక్కేనికి వేలాడుతున్న నీలం కోటు తీసి తొడుక్కున్నారు. ఆయన చేసిన పొరపాటు ఇదే.

ఆ కోటు సంగతి చెప్పాలి. ఇంటికంతటికీ కోటు అదొక్కటే. అల్లుడుగారికి కెమెరా మీటింగు ఎప్పుడైనా తగిలితే ఆయన వేసుకుంటారు. పిల్లలకు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పేటప్పుడు భార్య వేసుకుంటుంది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ల సంఘం సమావేశానికి అత్తగారు చేతులు రెండు మడతలు పెట్టి మరీ వేసుకుంటుంది. ఒకసారి భార్య పాఠం మధ్యలో మిక్సీ, ప్రెషర్ కుక్కరు, పాప డ్రమ్ము ఒకేసారి మోగేసరికి ముప్పై నాలుగేళ్ళు బడిని నడిపిన అత్తగారు ఒక చట్టం చేసింది. కోటు కొక్కేనికి ఉన్నంతసేపు అది ఇల్లు. ఎవరి ఒంటి మీదికైనా ఎక్కిందా, అది పరీక్ష హాలు. గాలి కూడా కాలి వేళ్ళ మీద నడవాలి. ఈ చట్టాన్ని ఇంట్లో ఇంతవరకూ ఎవరూ మీరలేదు. అల్లుడుగారూ మీరాలనుకోలేదు, ఆ రోజు కంగారులో దాన్ని మరిచేపోయారు.

ఆయన కోటు సర్దుకుంటూ భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి పాప డ్రమ్ము కర్రలు ఒళ్ళో దాచేసుకుంది. శనివారం బడిలో పోటీ ఉందని, ఆ రోజు బడికి సెలవు కూడా కనుక ఆ పిల్ల పొద్దున్నే సాధన మొదలుపెట్టింది. వంటింట్లో మిక్సీ గుర్రుమని మధ్యలోనే ఆగింది. అత్తగారు వేలు పెదవుల మీద పెట్టి, ఆయన్ని భుజాలు పట్టి వెనక్కి తిప్పి, పడగ్గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తలుపు దగ్గరకు వేసింది. ఆయనకేమీ అర్థం కాలేదు. రెండు నిమిషాల్లో టిఫిను పళ్ళెం దానంతటదే వచ్చినట్టు తలుపు సందులోంచి లోపలికి జరిగింది.

తొమ్మిదింటికి పాఠం చెప్పాల్సిన భార్య కోటు లేక శాలువా కప్పుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి గుసగుసగా భిన్నాలు చెప్పింది. పదింటికి వంటింటి కుళాయి బాగుచేయడానికి ప్లంబరు డ్రిల్లింగ్ మిషనుతో వచ్చాడు.

"కోటు తీసేదాకా ఆగాలి నాయనా" అంది అత్తగారు గొంతు తగ్గించి.

"ఎవరి కోటమ్మా?"

"అదంతా నీకెందుకు? బాల్కనీలో స్టూలుంది, కూర్చో."

పదకొండింటికి పడగ్గదిలో నెట్టు పోయింది. ఆ గదిలో ఫోనుకి సిగ్నలు ఒక్క గీత మించదు. ఆ ఒక్క గీతతోనే అల్లుడుగారు నెట్టు ఆఫీసుకి ఫోను చేశారు. వాళ్ళూ వెంటనే మెకానిక్‌ని పంపారు. అలాంటివి ఏడాదికోసారి జరుగుతాయి. అతను బెల్లు నొక్కకముందే అత్తగారు తలుపు తీసింది.

"నెట్టు పోయిందని ఫోనొచ్చిందమ్మా."

"మెల్లగా మాట్లాడు. లోపల మా అల్లుడుగారి మీటింగు నడుస్తోంది."

"నెట్టు లేకుండా మీటింగెలా నడుస్తుందమ్మా?"

"అదే నేనూ అడుగుతున్నా. మీటింగు నడుస్తుంటే నెట్టు లేకపోవడమేమిటి?"

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆవిడ ప్రశ్నకు ఎదురు ప్రశ్న వేసి నెగ్గినవాళ్ళు లేరు. మెకానిక్ వెళ్ళి ప్లంబరు పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ టీ వచ్చింది, చప్పుడు కాకుండా తాగమన్న హెచ్చరికతో.

పన్నెండున్నరకి అల్లుడుగారు మళ్ళీ ఫోను చేశారు. "మీ మనిషి ఇంకా రాలేదండీ!"

"మా మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు సార్, గంట పైనయింది."

ఆయన గది నాలుగు మూలలా చూశారు. మంచం కింద కూడా చూశారు. వీళ్ళకి అబద్ధాలాడటం మంచినీళ్ళు తాగినంత తేలికని నిర్ధారించుకుని, సంగతేమిటో కనుక్కుందామని హాల్లోకి వచ్చి నోరు తెరవబోయారు. ముగ్గురి వేళ్ళూ ఒక్కసారిగా ముగ్గురి పెదవుల మీదికీ వెళ్ళాయి. కోటుకి మైకు తగిలించి ఉందేమోనని భయపడ్డ భార్య, రెండు చేతులూ జోడించి లోపలికి పొమ్మని సైగ చేసింది.

గదిలోకి వచ్చి కూర్చున్నాక ఆయనకు తట్టింది. పొద్దున్నుంచి ఇంట్లో ఒక్కరూ తనతో మాట్లాడలేదు. మొహం చూడగానే మూతి బిగిస్తున్నారు. కోపం వచ్చిందన్నమాట. ఎందుకొచ్చింది? పెళ్ళిరోజు కాదు. భార్య పుట్టినరోజు ఇంకా రెండు నెలలుంది. అత్తగారి మందులు తెచ్చారు. పాప పోటీకి వస్తానన్నారు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు కానీ, తప్పు లేదని చెప్పే ధైర్యమూ చాలలేదు. అందుకని అన్నం పళ్ళెం ఖాళీ చేసి, దాని కింద ఒక చీటీ పెట్టి బయటికి జరిపారు. "ఏదైనా సరే, తప్పు నాదే. క్షమించు. సాయంత్రం అన్నీ చెప్తాను."

ఆ చీటీ చదివి భార్య వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడిపోయింది.

"అమ్మా, ఈయనేదో చేశాడే!"

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "గడ్డం గీశాడు. బూట్లు తుడిచాడు. సెంటు కొట్టాడు. పొద్దున్నుంచి కోటు విప్పలేదు. ఇంతసేపు మీటింగు ఎక్కడైనా ఉంటుందా? ఇది మీటింగు కాదు."

"మరి?"

"విచారణ. ఉద్యోగం తీసేస్తున్నారు. మా బడిలో కూడా ఇంతే, పిలిచి కూర్చోబెట్టి సాయంత్రానికి కాగితం చేతికిచ్చేవాళ్ళు."

భార్యకి కళ్ళనీళ్ళు ఆగలేదు. రాత్రీ పగలూ ఊళ్ళోవాళ్ళందరి తిట్లూ తినే మనిషి, ఒక్కనాడూ ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. అటువంటివాడిని పట్టుకుని రోజంతా నిలబెట్టి అడుగుతారా? ఆవిడ పాయసం చేద్దామనుకుంది, కానీ గరిటె చప్పుడవుతుందని మానేసింది. టీ కప్పుతో పాటు ఇంకో చీటీ లోపలికి వెళ్ళింది. "ధైర్యంగా ఉండండి. ఏం జరిగినా మేమున్నాం. నా పాఠాలు చాలు మనకి."

అల్లుడుగారు దాన్ని చదివి నిర్ఘాంతపోయారు. ఇంటర్వ్యూ సంగతి వీళ్ళకెలా తెలిసింది? తెలిసినా, రాదని అప్పుడే తేల్చేశారా?

మూడు నలభైకి కూడా నెట్టు రాలేదు. కోటులో ఉక్కపోత, ఒళ్ళంతా చెమట, సెంటు వాసన కాస్తా ఇంకేదో వాసనగా మారింది. ఇక లాభం లేదని, చొక్కా మాయకుండా కోటూ చొక్కా రెండూ విప్పి, బల్ల కిందికి దూరి తీగలు తనే లాగి చూశారు. బూజు తప్ప ఏమీ దొరకలేదు. చిల్లుల బనియనుతో, నెత్తిన సాలెగూడుతో పైకి లేచి, నలిగిపోకుండా ఉంటుందని కోటు తీసుకెళ్ళి హాల్లో కొక్కేనికి తగిలించారు.

కోటు కొక్కేనికి ఎక్కింది.

ఎనిమిది గంటలుగా బిగబట్టుకున్న ఇల్లు ఒక్కసారిగా ఊపిరి వదిలింది. బాల్కనీలోంచి ప్లంబరు పరుగున వచ్చి గోడలోకి డ్రిల్లు దింపాడు. పాప డ్రమ్ము మీద పడింది. పొద్దున సగంలో ఆగిన మిక్సీ మళ్ళీ అందుకుంది. మెకానిక్ గుమ్మం బయట డబ్బా తెరిచి, ఊడిన తీగ ఒకటి గుచ్చి, "వచ్చేసింది సార్!" అని కేక పెట్టాడు. కేక విన్న అల్లుడుగారు గదిలోకి దూకేసరికి నాలుగయింది. కంప్యూటరు తెర మీద ముగ్గురు డైరెక్టర్లు. నాలుగో గడిలో బనియనూ సాలెగూడూ.

చొక్కా అందుకోబోయేంతలో ఆయన వెనక నుంచి అత్తగారు తెరలోకి వచ్చేసింది.

"మీరేనా? ఉద్యోగం తీస్తే తీయండి కానీ ఒక మాట విని తీయండి!"

"అత్తయ్యగారూ, వద్దండీ!"

"మీరుండండి అల్లుడుగారూ. మూడేళ్ళుగా ఆ చిల్లుల బనియనుతోనే కూర్చున్నాడు, నిజమే. గడ్డం గీయడు, ఒప్పుకుంటాను. కానీ తొమ్మిదింటికి కూర్చుంటే ఏ మనిషి ఫోనూ మధ్యలో పెట్టేయగా నేను చూడలేదు. జ్వరంలో కూడా విన్నాడు. నా బడిలో ఇలాంటి మనిషి ఒక్కడుంటే పదేళ్ళు ముందే హాయిగా రిటైరయ్యేదాన్ని!"

డైరెక్టర్లలో పెద్దావిడ చెయ్యెత్తింది. "ఉద్యోగం ఎవరు తీస్తున్నారమ్మా? అదలా ఉంచండి. ఆ వెనక చప్పుడేమిటి?"

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. అల్లుడుగారికి మూడేళ్ళ అలవాటు దానంతటదే నోట్లోకి వచ్చింది. "డ్రిల్లు ప్లంబరుదండీ. డ్రమ్ము మా పాపది. మూడోది మన మిక్సీయేనండీ, పోయినేటి మోడలు. అడుగున రబ్బరు బుష్షు ఆరు నెలలకే అరిగిపోతుంది. అప్పుడిలా అరుస్తుంది. నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇవే. పదకొండు ఉత్తరాలు రాశాను, ఎవరూ జవాబివ్వలేదు."

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"పొద్దున్నుంచి ముగ్గురితో మాట్లాడాను. ముగ్గురూ టై కట్టుకుని, వెనక పుస్తకాల బీరువా పెట్టుకుని, మన మిక్సీలు అసలు చప్పుడే చేయవని చెప్పారు. మా ఇంట్లోదీ ఇలాగే అరుస్తుందయ్యా. నేనే ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి చేయాలో తెలియలేదు. సోమవారం నుంచి విభాగం నువ్వే చూసుకో. ఒక్క షరతు. విభాగానికి పెద్దవయ్యాక రోజూ కెమెరాలో కనబడాలి కదా, కంపెనీ కోటొకటి పంపిస్తాం. దయచేసి అది వేసుకో."

అల్లుడుగారు తల ఊపారు. భార్య గుమ్మంలోనే నిలబడి ఏడుస్తూ నవ్వింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. పాయసం మాత్రం గరిటె చప్పుడుతో సహా తయారైంది.

సోమవారం పొద్దున్నే పార్సిలు వచ్చింది. బూడిద రంగు కోటు, జేబు మీద కంపెనీ ముద్ర. అల్లుడుగారు గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, దాన్ని తొడుక్కుని హాల్లోకి వచ్చి అందరి ముందూ ఒక చుట్టు తిరిగారు. ఇన్నేళ్ళకి దక్కిన గౌరవం కదా, ఇంటిల్లిపాదీ ఏమంటారో వినాలని మనసు పీకింది.

"ఎలా ఉంది?" అన్నారు.

మిక్సీ ఆగింది. డ్రమ్ము కర్రలు ఒళ్ళోకి పోయాయి. అత్తగారు వేలు పెదవుల మీద పెట్టి, ఆయన్ని భుజాలు పట్టి గదిలోకి తిప్పింది.

అభినందనలు టిఫిను పళ్ళెం కింద చీటీలో వచ్చాయి.